చాందినీని లేపినవాడు

జనవరి నెలలో, మంచు కురిసే రోజుల్లో, కొండల్లో పార్కు చూడటానికి వెళ్ళే తెలివితక్కువవాళ్ళు ఈ దేశంలో ఇద్దరే ఉన్నారని మా ఆవిడ మైథిలి తీర్మానించింది. ఒకడు షఫీఉద్దీన్. రెండోవాణ్ని నేను. నా పేరు ఫణికుమార్. పశువుల కాంపౌండరుగా ముప్ఫై రెండేళ్ళు చేసి రిటైరయ్యాను. పుట్టింది రేపల్లె దగ్గరైనా ఉద్యోగం వచ్చినప్పటినుంచీ షాలిబండలోనే కాపురం. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని అందరూ అంటారు. ఉంటుంది మరి. షఫీ లాంటి మొండిఘటంతో ఇరవై ఏళ్ళు పనిచేస్తే ఎవడికైనా అక్కడే ఉంటుంది.

షఫీ గురించి చెప్పాలంటే ముందు వాళ్ళ ఇంటి సంగతి చెప్పాలి. ఫలక్‌నుమా వెనక గల్లీలో వాళ్ళ ఇంటిని ఇప్పటికీ సెహ్రీవాళ్ళ ఇల్లు అంటారు. రంజాన్ నెలలో ఉపవాసం పట్టేవాళ్ళు తెల్లవారకముందే లేచి తినే తిండి సెహ్రీ. చిన్న డప్పు కొట్టుకుంటూ గల్లీ అంతా తిరిగి పేరుపేరునా అందరినీ లేపడం ఆ ఇంటివాళ్ళ పని. తాత చేశాడు, తండ్రి చేశాడు, పదమూడో ఏట నుంచి షఫీ చేస్తున్నాడు. ఫోన్లలో అలారాలు వచ్చి ఎన్నేళ్ళయింది! అయినా ఆ గల్లీవాళ్ళకు షఫీ గొంతు వినపడితేనే కళ్ళు తెరుచుకుంటాయి. ఆ గల్లీలోనే ఉండే పూలమ్మే బాలమ్మ కూడా ఆ నెలంతా అతని కేకతోనే లేచి గుడిమల్కాపూర్ మార్కెట్టుకు పోతుంది.

"పండుకున్నోణ్ని లేపుడు మా ఖాందాన్‌ల సవాబ్ భాయ్," అనేవాడు షఫీ. సవాబ్ అంటే పుణ్యం. ఆ మాట అన్నప్పుడు అతని ఛాతీ రెండంగుళాలు పెరిగేది. నేను నవ్వేవాణ్ని.

మిగతా పదకొండు నెలలూ అతను జంతువులకు తిండిపెట్టే కీపరు. పహాడీషరీఫ్ దాటాక రాళ్ళగుట్టల మధ్య, సర్కసుల నుంచి విడిపించిన జంతువుల్ని ఉంచే చిన్న కేంద్రం ఒకటి ఉండేది. నన్ను అక్కడికి డెప్యుటేషన్ మీద వేశారు. రెండు ముసలి సింహాలు, పది పన్నెండు కోతులు, ఒక ఎలుగుబంటి. మా సంసారం అంతే.

ఆ ఎలుగుబంటి మన అడవుల్లో కనిపించే రకం కాదు. హిమాలయాల్లోది. ఇంతలేసి చెవులు, నిగనిగలాడే నల్లటి ఒళ్ళు, ఛాతీ మీద తెల్లటి నెలవంక. సర్కసు లారీలోంచి దాన్ని దించినరోజు ముక్కుకు తాడు వేసిన పుండు ఇంకా పచ్చిగానే ఉంది. నేను మందుపెట్టె తీస్తుంటే షఫీ బోను ముందు గొంతుకూర్చుని, "జర చూడు భాయ్, ఈద్ చాంద్‌ను గుండెల మీద పెట్టుకొని వచ్చింది బిడ్డ," అన్నాడు. అప్పటికప్పుడే చాందినీ అని పేరు పెట్టేశాడు. వాళ్ళమ్మాయి లుబ్నా ఇప్పటికీ దెప్పుతుంది, "అబ్బాకు నేను రెండో బిడ్డను" అని. మొదటి బిడ్డ ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

వేసవి వస్తే షఫీకి నిద్ర ఉండేది కాదు. హైదరాబాదు ఎండ మనుషులకే చుక్కలు చూపిస్తుంటే మంచుకొండల జీవానికి ఎలా ఉంటుంది? అఫ్జల్‌గంజ్ వైపు నుంచి మంచుగడ్డ కొని, ఊకలో పొర్లించి, గోనెసంచిలో చుట్టి ఆటోలో పట్టుకొచ్చేవాడు. దాన్ని నీళ్ళతొట్టిలో వేస్తే చాందినీ రెండు చేతులతో కావలించుకుని కూర్చునేది. కరిగిపోయేదాకా వదిలేది కాదు. చివరికి అరచేతంత ముక్క మిగిలితే దాన్ని నాకుతూ షఫీ వైపు చూసేది. ఆ చూపు కోసం వాడు ప్రాణమిచ్చేవాడు.

ఇబ్బంది అంతా చలికాలంలో. డిసెంబరు వస్తే చాలు, చాందినీ తిండి మానేసేది. సిమెంటు గుహలో మూలకు పోయి, ముక్కును పొట్టలో దూర్చుకుని బంతిలా చుట్టుకుని పడుకునేది. జబ్బు చేసిందేమోనని షఫీ కంచం మీద గరిటెతో టంగుటంగున కొట్టేవాడు. "ఉఠ్ బేటీ, ఉఠ్, సుబహ్ హో గయీ!" సెహ్రీకి గల్లీని లేపే గొంతే అది, తేడా లేదు. బెల్లం ముద్ద ముక్కు దగ్గర పెట్టేవాడు. ఎంతకీ లేవకపోతే చెంబుతో నీళ్ళు చల్లేవాడు. చివరికి అది కళ్ళు తెరిచి, కాళ్ళు ఈడ్చుకుంటూ వచ్చి, కమ్మీల్లోంచి ముక్కును అతని చేతిలో పెట్టేది. "లేచింది భాయ్!" అని వాడు కేక పెట్టేవాడు. నేను వారానికి మూడు నాలుగుసార్లు నీరసానికని బలం ఇంజెక్షను పొడిచేవాణ్ని. ప్రతి చలికాలమూ ఇదే తంతు, రోజూ, ఇరవై ఏళ్ళు.

ఇక్కడొక మాట చెప్పేయాలి. తరవాత చెబితే దాచానంటారు. మధ్యలో ఒక ఏడాది సాహిత్య అనే పిల్ల మాకు డాక్టరుగా వచ్చింది. ఒకరోజు నన్ను పక్కకు పిలిచి, "ఫణిగారూ, ఈ జాతికి చలికాలం నిద్ర ఉంటుంది. ఎక్కడ పెంచినా ఆ అలవాటు ఒంట్లోంచి పోదు. జబ్బు కాదు. గడ్డి పరిచి, చీకటి చేసి, వదిలేయండి. లేపొద్దు, సూదులూ వద్దు," అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. నిన్నగాక మొన్న కాలేజీలోంచి ఊడిపడ్డ పిల్ల నాకు చెప్పేదేమిటి? "ఇది హైదరాబాదమ్మా, హిమాలయం కాదు," అన్నాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఆమె తలవంచుకుని వెళ్ళిపోయింది. ఏడాది తిరిగేసరికి వేరే ఊరికి బదిలీ అయింది. ఆ మాట నేను షఫీకి చెప్పలేదు. సూదులు ఆపలేదు.

చాందినీ పోయిన మే నెలలో పోయింది. నేను అప్పటికి రిటైరై మూడు నెలలు, అయినా అలవాటు కొద్దీ వారానికోసారి వెళ్ళేవాణ్ని. ఆరోజు నేను వెళ్ళేసరికి షఫీ గేటు దగ్గర స్టూలు మీద కదలకుండా కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు. "సప్పుడు చెయ్యకు భాయ్, పండుకున్నది." నాకు అనుమానం వచ్చి లోపలికి వెళ్ళి చెయ్యి వేసి చూశాను. ఒళ్ళు చల్లబడిపోయి ఎంతసేపయిందో. నేను బయటికి రాగానే నా మొహం చూసి వాడే అర్థం చేసుకున్నాడు. గోనెసంచిలో మంచుగడ్డ ఇంకా కరుగుతూనే ఉంది. ఆ నీళ్ళు మా చెప్పుల కిందకి వచ్చాయి.

తరవాత నాలుగు నెలలు షఫీ మనిషి కాడు. ఉద్యోగం మానేశాడు. అప్పుడు ఒకరోజు మా ఇంటికొచ్చి టీ తాగుతూ, "భాయ్, దాని వతన్‌కు పోదామా?" అన్నాడు. వతన్ అంటే పుట్టిన చోటు.

హిమాచల్‌లో గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కు అని ఉంది. సర్కసువాళ్ళు చాందినీని పిల్లగా ఉన్నప్పుడు ఆ కొండల వైపునుంచే తెచ్చారని కాగితాల్లో ఉండేది. సరే, మే నెలలో వెళ్దామని నేను, "అప్పుడు పూలు కూడా బావుంటాయట" అని మైథిలి. షఫీ అడ్డంగా తల ఊపాడు.

"నక్కో. బర్ఫ్ పడ్డప్పుడే పోవాలె."

"చలికి చస్తామయ్యా! ఎవడూ వెళ్ళడు ఆ నెలలో!"

"ఎవ్వరు పోకుంటే మంచిదే. ఒక్క భాలూ బర్ఫ్‌ల తిరుగుతుంటే నా కండ్లతోని చూడాలె భాయ్. గంతే. ఇంకేం అడగ."

వాడు చాందినీకి మంచుగడ్డలు మోసినవాడు. అసలు మంచులో దాని జాతి ఎలా ఆడుకుంటుందో చూడాలని ఉంది, పాపం అనుకున్నాను. సాహిత్య చెప్పిన మాట నాకు గుర్తు రాలేదా? వచ్చింది. టికెట్లు కొన్నరోజే వచ్చింది. మింగేశాను. ఆ పిల్ల చెప్పింది తప్పయితే బాగుండునని నేనూ మనసులో కోరుకున్నాను. అందుకే వెంట వెళ్ళాను. స్నేహం కోసం వెళ్ళానని మైథిలికి చెప్పాను.

అఫ్జల్‌గంజ్‌లో స్వెట్టర్లు, కోతిటోపీలు కొన్నాం. షఫీ భార్య ఇక్బాలున్నీసా ఇంట్లో ఉన్న పెద్ద రజాయి మడిచి తాడుతో కట్టి ఇచ్చింది. రెండు రాత్రుల రైలు, ఆపైన రోజంతా బస్సు. నదిపక్క సందులాంటి లోయలో, గొంతు పిసికినట్టుండే రోడ్డు మీద ఒక చిన్న ఊళ్ళో బస్సువాడు మమ్మల్ని దించాడు. ఒక్క దుకాణం లేదు, ఒక్క యాత్రికుడు లేడు. మాకు గది ఇచ్చిన ఇంటావిడ మా రజాయి మూట చూసి పడీపడీ నవ్వింది. "సీజన్ అయిపోయింది బాబూ, దారి తప్పారా?" అని హిందీలో అడిగింది.

"రాస్తా నై భూలే అమ్మా," అన్నాడు షఫీ. వాడి దక్కనీ విని ఆవిడ ఇంకా నవ్వింది.

మర్నాడు పొద్దున్నే తలుపు తీస్తే లోకమంతా తెల్లగా ఉంది. షఫీ గుమ్మంలోంచి అడుగు బయటపెట్టి, వంగి, దోసిట్లోకి మంచు తీసుకుని వాసన చూశాడు.

"దీనికి ఊక వాసన లేదు భాయ్," అన్నాడు. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా కళ్ళలోనూ తిరిగాయి, చలికి అనుకోండి.

ఫారెస్టు రేంజి ఆఫీసులో పర్మిటు రాయించుకున్నాం. గైడు పేరు లోతంరామ్. నలభై ఏళ్ళుంటాయి, పొట్టి మనిషి, మేకలా ఎక్కేస్తాడు. జంతువులు చూడాలని మాత్రమే అతనికి చెప్పాం. పైదారులన్నీ మంచుతో మూసుకుపోయాయని, తెరిచి ఉన్నంతమేర తిప్పుతానని అన్నాడు. మొదటిరోజంతా నడిచాం. రంగురంగుల కోడిలాంటి పక్షిని చూపించాడు, కొండ అంచున అడవిమేక లాంటిదాన్ని చూపించాడు. షఫీ మర్యాదకు తల ఊపాడు గానీ వాడి కళ్ళు మంచు మీద అడుగుల కోసమే వెతుకుతున్నాయి. పెద్ద అడుగు ఎక్కడ కనిపించినా ఆగిపోయేవాడు. "కుక్కది సాబ్," అనేవాడు గైడు. నా మోకాళ్ళు విరిగిపోతున్నాయి. "ఇంక చాలు పద," అని అరిచాను. వాడికి వినపడితే కదా.

రెండోరోజు మధ్యాహ్నం ఇంక ఆగలేక షఫీ అడిగేశాడు. "భాలూ ఎక్కడ తిరుగుతయి భయ్యా?"

లోతంరామ్ ఆగి, మా ఇద్దరి మొహాలు చూశాడు. "భాలూ కోసం వచ్చారా? ఈ నెలలోనా?" అని నవ్వాడు. "మంచు పడ్డాక భాలూ ఎక్కడ తిరుగుతుంది సాబ్! కార్తీకంలో కడుపు పగిలేలా తిని, గుహలోనో చెట్టు తొర్రలోనో దూరుతుంది. మూడు నెలలు తినదు, తాగదు. నిద్రే."

నేను చెట్టు బెరడు వైపు చూస్తూ నిలబడ్డాను.

"అన్నీనా?" అన్నాడు షఫీ.

"దొంగతిళ్ళకు ఊరిమీద పడేది ఎక్కడో ఒకటి ఉంటుందేమో. అడవిలో ఉన్నవన్నీ నిద్రే."

"మధ్యల ఎవరన్న లేపితే ఏమైతది?"

లోతంరామ్ మళ్ళీ నవ్వాడు. పాపం, అతనికేం తెలుసు. "నిద్రపోతున్న భాలూను ఎవడు లేపుతాడు సాబ్? పిచ్చోడా?"

"లేపితే," అన్నాడు షఫీ, "లేపితే ఏమైతదో చెప్పు."

ఆ గొంతు విని గైడు నవ్వు ఆపాడు. "నీరసించిపోతుంది. ఒంట్లో దాచుకున్న కొవ్వంతా ఉత్తపుణ్యానికి కరిగిపోతుంది. మా నాన్న చెప్పేవాడు, చలికాలం నిద్ర చెడిన భాలూకు ఆయుష్షు చెడుతుందని. నిజమో కాదో తెలియదు."

ఏమనుకున్నాడో, మమ్మల్ని ఇంకో అరమైలు నడిపించాడు. లోయకు అవతలి ఒడ్డున నిలువునా ఎండిన ఒక పెద్ద చెట్టు. దాని మొదట్లో తొర్ర. చుట్టూ అంతా మెత్తని మంచు ఉంటే, ఆ తొర్ర అంచున మాత్రం గాజులా గడ్డకట్టి మెరుస్తోంది.

"లోపల ఉంది," అని గుసగుసగా అన్నాడు. "ఊపిరి తగిలి అంచు అలా గట్టిపడుతుంది. ఇంతకంటే దగ్గరికి పోకూడదు."

షఫీ చాలాసేపు చూశాడు. ఉన్నట్టుండి వాడి నోరు తెరుచుకుంది, ఛాతీ నిండింది. ఇరవై ఏళ్ళ అలవాటు. కేక వస్తుందని నాకు తెలిసిపోయింది. నేను చెయ్యి చాపేలోపు వాడే రెండు చేతులతో తన నోరు మూసుకున్నాడు. అలాగే మంచులో కూలబడ్డాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి, చప్పుడు మాత్రం లేదు. మూసుకున్న చేతులు తియ్యలేదు. లోతంరామ్ భయపడి నా వైపు చూస్తే నేనేం చెప్పను? ఆ ఏడుపులో సగం నాది. అప్పుడైనా చెప్పి ఉంటే బాగుండేది. "ఒక్కడివే కాదు షఫీ, నాకు తెలిసీ చెప్పలేదు," అనే ఒక్క ముక్క. నా బొంద! మనిషిని లేపి, నడుం పట్టుకుని నడిపించాను తప్ప ఆ ముక్క బయటికి రాలేదు.

దిగేటప్పుడు వాడు జేబులోంచి బెల్లం ముద్ద తీశాడు. హైదరాబాదు నుంచి తెచ్చాడు. ఇక్కడ పెట్టనా అన్నట్టు గైడు వైపు చూశాడు. "వద్దు సాబ్, పార్కులో తిండి వదలకూడదు," అన్నాడతను. షఫీ దాన్ని మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. తిరుగు రైల్లో రెండు రాత్రులూ మాట్లాడలేదు. సికింద్రాబాదులో దిగి, మూట భుజానికెత్తుకుని, "పోయొస్త భాయ్," అన్నాడు. ఆ తరవాత మూడు వారాలకు పైగా నా ఫోను ఎత్తలేదు.

రంజాన్ మొదలైంది. మొదటి ఉపవాసం నాడు మధ్యాహ్నం ఇక్బాలున్నీసా ఫోను చేసింది.

"అన్నా, జర ఇంటికి రా. మీ దోస్త్ పొద్దుగాల డప్పు పట్టుకొని పోయిండు. కొట్టలే. ఒక్కొక్క తలుపు కాడ నిలబడ్డడంట, తిరిగొచ్చిండు. ఏమైందంటే, పండుకోనీ అంటడు. గదే మాట."

వెళ్ళాను. గల్లీలో అప్పటికే అందరికీ తెలిసిపోయింది. పది పన్నెండు ఇళ్ళవాళ్ళు సెహ్రీ తినకుండానే, ఖాళీ కడుపులతో ఉపవాసం ఉన్నారు. బాలమ్మ మార్కెట్టుకు పోలేక గుమ్మంలో ఖాళీ గంప పక్కన కూర్చుని ఉంది. లొల్లి పెడుతుందేమో అనుకున్నాను. ఆమె నన్ను చూసి, "అయ్యా, భాయ్‌నేమనకుండ్రి. ముప్పై ఏండ్లు లేపిండు. ఒక్కనాడు నిద్రపోతే ఏమాయె," అంది.

షఫీ లోపలి గదిలో గోడకానుకుని ఉన్నాడు. డప్పు మేకుకు వేలాడుతోంది. నేను ఎదురుగా కూర్చుని, కాలు మీద కాలు వేసి, తీసి, చివరికి ఒక్క ఊపిరిలో కక్కేశాను. సాహిత్య నన్ను పిలిచి చెప్పడం, నేను కసిరి పంపడం, వాడికి చెప్పకుండా దాచడం, సూదులు. "తప్పు నాదయ్యా. నువ్వు తెలియక చేశావు. నేను తెలిసి చేశాను. కావాలంటే చెప్పు తీసుకుని కొట్టు," అన్నాను.

వాడు కొట్టలేదు. ఆశ్చర్యపోనూ లేదు.

"డాక్టరమ్మ నాక్కూడ చెప్పింది భాయ్."

"ఎప్పుడు?"

"గా దినమే. నువ్వు ఇనవని నా కాడికొచ్చింది. చిన్న పిలగానికి చెప్పినట్టు చెప్పింది."

నాకు తిక్క రేగింది. "మరి ఎందుకు లేపావయ్యా! తెలిసి ఎందుకు లేపావు!" అని అరిచేశాను. ఇక్బాలున్నీసా వంటింట్లోంచి తొంగిచూసింది.

"గా దినం పొద్దుగాల ఇడిసిపెట్టిన," అన్నాడు. "మాపటికి నాతోని కాలే. పిలుస్తె కండ్లు తెరుస్తుండె గద, గా కండ్లు చూసినంకనే నాకు బువ్వ దిగుతుండె. సచ్చిపోతదేమోనని బుగులు. లేపుడు సవాబ్ అని చిన్నప్పటి సంది నేర్చుకున్న. గా సదువుకున్న పిల్లదే తప్పు, మా బాపు చెప్పిందే నిజం అనుకున్న. గందుకే బర్ఫ్ పడ్డప్పుడే పోదామన్న. ఒక్క భాలూ, ఒక్కటంటే ఒక్కటి లేచి తిరుగుతుంటే సాలు, నేను మంచిగనే చేసిన అనుకొని పాణం నిమ్మలపడుతుండె."

వాడు మేకుకున్న డప్పు వైపు చూస్తున్నాడు.

"మే నెల్ల గా పొద్దు నువ్వొచ్చినవ్ గద," అన్నాడు. "నేను సప్పుడు చెయ్యకుమన్న. ఎండకు అలిసింది బిడ్డ, ఇయ్యాలన్న పండుకోనీ అనుకొని, గంటసేపు పిలవకుండ గేటు కాడ కూసున్న. ఇరవై ఏండ్లల్ల గా ఒక్కనాడే భాయ్, నేను దాన్ని లేపంది."